మూడోదాన్ని ఎక్కడ పెట్టాలి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు ఆడవాళ్లు. నానమ్మ హజ్జా మథాయిల్ కిటికీ కింద పరుపు మీద కూర్చుని కదురు తిప్పుతోంది. అమ్మ ఫిద్దా వంటింట్లో, తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లకి సీసాతో పాలు పడుతోంది. చిన్నమ్మ నిజ్మే దుప్పట్లు ఆరేసి అప్పుడే పెరట్లోంచి వచ్చింది. ఇంటి పిల్ల బయాన్ ఉంది. బయాన్‌కి ఎదురుగా ఫిజిక్స్ టీచరు మిస్ ఇన్సాఫ్ ఉంది. మగవాళ్లిద్దరూ, అంటే నాన్న ఔదా, చిన్నాన్న ఖలఫ్, బార్లీ చేలో ఉన్నారు. అద్దెకు తెచ్చిన కోతయంత్రం ఆ ఉదయమే ఊళ్లోకి వచ్చింది.

తర్వాత పోలీసు అధికారి, ఆ సమయంలో ఇంట్లో ఎవరెవరున్నారని అడిగినప్పుడు బయాన్ ఇదే వరసలో చెప్పింది. గొర్రెపిల్ల సంగతి కూడా చెప్పింది. దాన్ని ఆయన రాసుకోలేదు.

మిస్ ఇన్సాఫ్ పాఠం చెప్పడానికి రాలేదు. హజ్జా చేసిన జమీద్ కోసం వచ్చింది. ఆ ఎండు పెరుగు ఉండలు హజ్జా చేసినట్టు ఆ కొండ మీద ఎవరూ చేయరని పేరు. మిస్ ఇల్లు చేలకి అవతలి వైపున. మేడెక్కి చూస్తే ఆ ఇంటి నీలం తలుపు కనిపిస్తుంది. సంచీ నింపుకుని వెళ్లిపోవలసిన మనిషి గుమ్మం దగ్గర ఆగింది.

"బయాన్, నిన్న క్లాసులో నీకు అర్థం కాలేదు కదూ?"

బయాన్ తల దించుకుంది. క్లాసులో ఆమె ఏదీ అడగదు. అడగాలనుకున్నది గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోతుంది.

"దానికి నోరుంటే కదా మిస్," అంది చిన్నమ్మ. "ఈ గొర్రెపిల్ల నయం. ఆకలేస్తే అరుస్తుంది."

"నోరున్న నువ్వేం సాధించావే నిజ్మే?" అంది హజ్జా, కదురు ఆపకుండా.

మిస్ నవ్వి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. రొట్టెలు తెచ్చిన ప్లాస్టిక్ సంచీ అడిగి తీసుకుని, కత్తెరతో రెండు పొడవాటి ముక్కలు కత్తిరించింది. హజ్జా ఒళ్లోంచి గుప్పెడు ఉన్ని తీసుకుని రెండింటినీ దానితో గట్టిగా రుద్దింది. పై కొసలు రెండూ కలిపి పట్టుకుంటే, కింది కొసలు ఒకదాన్నొకటి చూడలేనట్టు చెరోవైపుకి విడిపోయాయి.

"చూశావా? రెండిటికీ ఒకే రకం చార్జి. అందుకే తోసుకుంటున్నాయి."

"తోడికోడళ్లు," అంది హజ్జా.

వంటింట్లో అమ్మ నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది.

పాఠం చెప్పడంలో మిస్‌కి ఒక పద్ధతుంది. ముందు బాణం, తర్వాతే అంకె. "అంకెలు ఎవరైనా వేస్తారు," అనేది. "ఎవరు ఎవర్ని ఎటు తోస్తున్నారో, ఎటు లాగుతున్నారో తెలియకుండా సూత్రంలో అంకెలు పోసి ఏం లాభం? ఇంకో మాట. చార్జికి మైనస్ ఉంటే ఆ గుర్తుని లెక్కలోకి తీసుకుపోకు. అది దిక్కు చెప్పడానికే. చెప్పేశాక దాన్ని గుమ్మం బయటే వదిలెయ్."

బయాన్ గీసింది. రెండు చుక్కలు, వాటి మధ్య గీత, చుక్కల నుంచి బయటికి బాణాలు. ఒక ఆవేశాన్ని, అంటే చార్జిని, రెండో ఆవేశంతో గుణించాలి. వచ్చినదాన్ని దూరంతో ఒకసారి, మళ్లీ దూరంతోనే ఇంకోసారి భాగించాలి.

"దూరం రెట్టింపయితే బలం ఎంతవుతుంది?"

"సగం."

"దూరంతో ఎన్నిసార్లు భాగించావు?"

"రెండు... అయితే నాలుగోవంతు."

"మూడు రెట్లయితే?"

"తొమ్మిదోవంతు." గొంతులో కూర్చున్నది ఆ రోజు ఎందుకో లేచి బయటికి వచ్చింది. "మరి సున్నా ఎప్పుడవుతుంది మిస్?"

మిస్ ఆమె ముఖంలోకి చూసింది. ఏడాది మొత్తం మీద ఈ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఎప్పటికీ అవ్వదు. ఎంత దూరం పోయినా కాస్త మిగిలే ఉంటుంది. కానీ రెండు చార్జీలున్న దగ్గర మూడోదాన్ని సరైన చోట పెట్టావనుకో, ఇటు నుంచి ఎంత తోపో అటు నుంచీ అంతే తోపు. అప్పుడు దానికేం తెలియదు. అలా ఉండిపోతుంది. బలాలు రెండూ ఉంటాయి. మొత్తం మాత్రం సున్నా."

ఆ చోటు ఎలా కనిపెట్టాలో నేర్పింది. ఒకవైపు తొమ్మిది మైక్రోకూలూములు, ఇంకోవైపు నాలుగు, రెండూ ప్లస్సే, మధ్య దూరం యాభై సెంటీమీటర్లు. తొమ్మిదికి వర్గమూలం మూడు, నాలుగుకి రెండు. దూరాలు కూడా అదే లెక్కన పంచుకోవాలి. మూడోది పెద్దదానికి ముప్పై దూరంలో, చిన్నదానికి ఇరవై దూరంలో నిలబడుతుంది. బయాన్ తనే చేసింది. చేశాక వేళ్ల చివర్లు వెచ్చబడ్డాయి. ఇంతేనా, ఇందుకా ఇన్నాళ్లూ భయపడ్డాను అనుకుంది.

"ఇప్పుడు రెండోది," అంది మిస్. "తొమ్మిది ప్లస్సే. నాలుగు మైనస్. మధ్య పది సెంటీమీటర్లు. మూడోది ప్లస్. ఎక్కడ పెడతావు?"

బయాన్ రెండు చుక్కల మధ్య వేలు పెట్టింది.

"అక్కడా? తొమ్మిది అటు తోస్తుంది. నాలుగు కూడా అటే లాగుతుంది. ఇద్దరూ కలిసి ఒకే వైపుకి ఈడుస్తుంటే పాపం అదెలా నిలబడుతుంది? ఇంకోచోట చూడు."

బయాన్ వేలు కొంచెం పక్కకి జరిపింది. ఇంకా మధ్యలోనే ఉంది. అప్పుడే చిన్నమ్మ ఫోను మోగింది.

చిన్నమ్మ విన్నది. ఫోను తీసుకెళ్లి హజ్జా చెవి దగ్గర పెట్టింది. హజ్జా కూడా విన్నది. కదురు ఆగింది. తిరగడం ఆగిన దారం ఒక చుట్టు వెనక్కి తిరిగింది.

"ఇన్సాఫ్, లే తల్లీ," అంది హజ్జా. "మీ ఇంటి దాకా నేనూ వస్తాను."

"ఏమైంది హజ్జా?"

"చేలో మీ తమ్ముడికి దెబ్బ తగిలిందట. పద."

ఎవరి చేతి దెబ్బో చెప్పలేదు. మిస్ లేచింది. జమీద్ సంచీ మరిచిపోయింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ, క్లాసు చివర్లో అలవాటుగా అనే మాటే, వెనక్కి చూడకుండా అంది.

"రెండోది రేపు చూద్దాం."

హజ్జా నల్ల అంగీ వేసుకుని ఆమె చెయ్యి పట్టుకుని చేలకి అడ్డంపడి నడిచింది. ముసలి ఆడది పక్కనుంటే ఏ ఇంటివాళ్లూ చెయ్యెత్తరు. ఇద్దరూ నడుస్తుండగానే చేలో అరుపులు మొదలయ్యాయి.

జరిగింది పెద్ద కథేమీ కాదు. కోతయంత్రం నడిపేవాడు పరాయి ఊరివాడు. హద్దురాళ్లు వాడికి తెలియవు. మలుపు తిప్పుతూ అవతలి చేలో ఒక చాలు కోసేశాడు. ఆ చేను మిస్ తమ్ముడు ఫవాజ్‌ది. ఫవాజ్ యంత్రానికి అడ్డంగా నిలబడ్డాడు. మాటా మాటా పెరిగింది. ఖలఫ్ చేతికి ఇనుప కడ్డీ దొరికింది. ఒకటే దెబ్బ. ఫవాజ్ పడ్డాడు, లేవలేదు. ఖలఫ్ యంత్రం నీడలో కూర్చుని పోలీసులు వచ్చేదాకా కదల్లేదు. కత్తిరించిన ప్లాస్టిక్ ముక్కలు ఇంట్లో పరుపు మీదే ఉన్నాయి. వాటిలోని ఆవేశం పోయి రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

చంపినవాడి ఇంటివాళ్లు చనిపోయినవాడి ఇంటివాళ్ల కంట పడకూడదు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు రోజులూ, ఇంకో రోజులో మూడోవంతూ రక్తం మరుగుతుంది. ఆ వేడిలో ఎవరు ఎవర్ని ఏం చేసినా అడిగేవాళ్లుండరు. అందుకే వెంటనే వెళ్లిపోవాలి, జిల్లా దాటి పోవాలి. జల్వా అంటే అదే. ఇల్లు ఉంటుంది, తలుపులు ఉంటాయి, మనుషులు మాత్రం ఉండరు. హజ్జా తిరిగొచ్చేసరికి అమ్మ పరుపులు చుట్టేసింది. సాయంత్రానికి పోలీసు జీపు ముందు, నాన్న బండి వెనక. గొర్రెపిల్ల అట్టపెట్టెలో బయాన్ కాళ్ల దగ్గర.

తమ ఊరున్న కరక్ కొండలు దిగుతుంటే చిన్నమ్మ మాత్రం ఏడ్చింది. బయాన్‌కి ఏడుపు రాలేదు. కాలు తిమ్మిరెక్కింది అనుకుంది. ఆ తిమ్మిరి మోకాలు దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది, తర్వాత ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోలేదు.

ఉత్తరాన మఫ్రక్ ఊరి చివర సిమెంటు ఇటుకల ఇల్లు దొరికింది. రెండు గదులు. కిటికీ తీస్తే హైవే, దాని అవతల చెట్టూ చేమా లేని మైదానం. లారీ వెళ్లినప్పుడల్లా గిన్నెలు కదిలేవి. నాన్న గోడకి ఆనుకుని కూర్చునేవాడు. చిన్నమ్మ ఇంకో గోడకి. చిన్నాన్న జైల్లో ఉన్నాడు. ఆయన పేరు ఎవరూ ఎత్తరు. హజ్జా కదురు తెచ్చుకుంది గానీ తియ్యలేదు. అమ్మ వండేది, అందరూ తినేవాళ్లు, ఉప్పు సరిపోయిందా లేదా అని ఎవరూ అనరు. గొర్రెపిల్ల ఒక్కటే పెరుగుతోంది.

తౌజీహీ పరీక్షలు దగ్గరపడ్డాయి. బడి చివరి ఏడాది పరీక్ష అది. అందులో తప్పితే ఆడపిల్ల చదువు అక్కడితో సరి. బయాన్ పుస్తకం తెరిచి కూర్చునేది. అరబిక్ చదివేది, లెక్కలు చేసేది, ఏదీ లోపలికి దిగినట్టు ఉండేది కాదు, కానీ అడిగితే వచ్చేది. ఫిజిక్స్ తెరిస్తే మాత్రం అదే పేజీ. తొమ్మిది ప్లస్, నాలుగు మైనస్. మధ్య పది.

మూడోదాన్ని మధ్యలో పెట్టి చూసేది. నిలవదు. ఇంకాస్త ఇటు జరిపి చూసేది. నిలవదు. నిలవదని మిస్ చెప్పనే చెప్పింది. అయినా చూపు మధ్యలోకే పోయేది.

"ఏమే, ఆ కాగితానికి చిల్లు పడేటట్టుంది," అంది హజ్జా ఒకరోజు.

"రెండోది రేపు చూద్దామంది నానమ్మా."

"ఎవరు?"

బయాన్ పెన్సిలు మళ్లీ కాగితం మీద పెట్టింది. హజ్జా తనలో తను అన్నట్టు అంది. "నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. దారిలో ఒక్కసారి కూడా నా చెయ్యి విడిపించుకోలేదా పిల్ల. అప్పటికింకా తెలీదు మరి."

బయాన్‌కి కావలసింది ఒక్కటే. మార్కులు కాదు, ఇల్లు కాదు. మిస్ ఇన్సాఫ్ తనని ఇంకా తన దగ్గర చదువుకునే పిల్లగానే అనుకుంటోందా? అది తెలియాలి. లోపలంతా తిమ్మిరెక్కి ఉంటే ఆ ఒక్క చోట మాత్రం సూది మొన అంత స్పర్శ మిగిలింది. ఆ చోటుని ఎవరికీ చూపించలేదు.

అబూ సఖ్ర్ వచ్చిన రోజు గాలిదుమ్ము రేగింది. ఆయన రెండు ఇళ్లకీ కాని మనిషి. రెండు వైపుల మాటలూ మోసుకు తిరిగే పెద్ద. తలగుడ్డ దులుపుకుని కూర్చుని, హజ్జా ఇచ్చిన కాఫీ తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేశాడు.

"ఫవాజ్ ఇంటివాళ్లు సంధి గడువు ఇంకొన్నాళ్లు పొడిగించారు," అన్నాడు నాన్నతో. "క్షమించలేదు. ఆ మాటే ఎత్తొద్దన్నారు. మేం ముప్పై మందిమి వెళ్లాం ఔదా. కప్పులన్నీ మా ముందు నేల మీదే చల్లారిపోయాయి. అడిగినదానికి ఒప్పుకునేదాకా తాగకూడదు కదా, ఎవరూ ముట్టుకోలేదు, వాళ్లూ తాగమనలేదు. ఇక లేద్దామనుకుంటుంటే ఫవాజ్ తల్లి ఉమ్మ్ ఫవాజ్ లోపల్నుంచి ఒక్క మాట పంపింది. 'పిల్ల వచ్చి పరీక్ష రాసుకుంటుంది, దానికి అడ్డం లేదు. ఇక తాగండి' అని. అప్పుడు తాగాం, ఆ గడువుకీ పరీక్షకీ మాత్రమే."

"ఏ పిల్ల?" అంది అమ్మ.

"మీ పిల్లే. పరీక్ష రాసే ఊరు మార్చుకునే గడువు దాటిపోయింది కదా."

"మనం అడగలేదే."

"మేమూ అడగలేదు. ఆ టీచరమ్మాయి అడిగిందట వాళ్లమ్మని. ఆ ఇంట్లో అందరి మధ్యా." అబూ సఖ్ర్ బయాన్ వైపు తిరిగాడు. "వినమ్మా. పరీక్షలు జరిగేది మీ ఊరి దగ్గరి చిన్న టౌనులో. నీతో హజ్జా వస్తుంది, మగవాళ్లెవరూ రారు. పరీక్ష గది, బస్సు. మధ్యలో ఇంకేం లేదు. మీ ఊళ్లో అడుగుపెట్టావా, సంధి పోతుంది. అర్థమైందా?"

బయాన్ తలూపింది.

"ఆ ఇంటి గడప అసలే తొక్కొద్దు. నువ్వు తొక్కితే వాళ్లు కాఫీ ఇవ్వకుండా ఉండలేరు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకి ఇవ్వకపోతే వాళ్లకి అవమానం. చంపినవాడి ఇంటి పిల్లవి నువ్వు ఒక్క గుక్క తాగావా, వాళ్లు క్షమించినట్టే లెక్క. కొడుకు పోయిన ఇల్లు అది. ఒక పిల్ల తాగిన కప్పుతో వాళ్ల క్షమని వాళ్లు ఇవ్వకుండానే లాక్కోకు."

అన్నీ విన్నది. చెవిలో నిలిచింది మాత్రం ఒకటే. టీచరమ్మాయి అడిగిందట. అందరి మధ్యా.

ఆ రాత్రి భోజనాలయ్యాక పుస్తకం తెరిచింది. కిటికీ అవతల లారీ దీపాలు దక్షిణానికి పోతున్నాయి. ఆ దారమ్మట పోతే కరక్. అక్కడ తమ ఇల్లు, చేల అవతల నీలం తలుపు. ఇక్కడినుంచి చూస్తే రెండూ ఒకే వైపున ఉన్నాయి. ఒకటి కాస్త దగ్గర, ఇంకోటి కాస్త దూరం, అంతే తేడా. బయాన్ కాగితం మీదికి వంగింది. మూడో చుక్క మధ్యలోంచి తీసేసింది. చిన్న ఆవేశం దాటి బయటికి, గీత మీదే, ఇంకా దూరంగా పెట్టింది. బాణాలు గీసింది. తొమ్మిది దూరం నుంచి తోస్తోంది. నాలుగు దగ్గరి నుంచి లాగుతోంది. ఒకటి అటు, ఒకటి ఇటు. లెక్క వేస్తే చిన్నదానికి ఇరవై, పెద్దదానికి ముప్పై. మొదటి లెక్కలో వచ్చిన దూరాలే. చోటు మాత్రం బయట.

సంతోషం కలగలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పవలసిన మనిషి ఒక్కరే.

ఫిజిక్స్ పరీక్ష రోజు ఎండ దంచేస్తోంది. హజ్జా బడి గేటు పక్కన గోడనీడలో గుడ్డ పరుచుకుని కూర్చుంది. లోపల ప్రశ్నపత్రంలో రెండో పేజీలో అదే రకం లెక్క వచ్చింది. అంకెలు కూడా దాదాపు అవే. బయాన్ ముందు బాణాలు గీసింది. మైనస్ గుర్తుని బయటే వదిలింది. చుక్కని బయట పెట్టింది. పక్క వరసలో పాత క్లాసు పిల్లలున్నారు. ఒకమ్మాయి కళ్లతో పలకరించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు కాగితంలోకి తల దించేసుకుంది. బయాన్‌కి ఏమీ అనిపించలేదు.

బయటికి వచ్చేసరికి హజ్జా గోడకి ఆనుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బయాన్ పక్కన కూర్చుంది. లేపాలి, మఫ్రక్ బస్సెక్కాలి. ఇంతలో తమ ఊరి మినీబస్సు వచ్చి ఆగింది, అదే డొక్కు బస్సు. తలుపు తెరుచుకుంది. ఎక్కాలని బయాన్ అనుకోలేదు. కాళ్లు లేచాయి, మెట్టెక్కాయి. దుమ్ముకి ముఖం మీదికి తలగుడ్డ లాక్కుని వెనక సీట్లో కూర్చుంది.

"ఎక్కడ దిగుతావమ్మాయ్?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూడకుండానే.

"చేల దగ్గర."

"గొంతు పెంచితే అరిగిపోదులే. ఎక్కడా?"

"చేల దగ్గర," అంది మళ్లీ.

చేలన్నీ కోసేసి ఉన్నాయి. తమ చేలో మాత్రం సగమే కోసి ఉంది. మిగిలిన సగం నిలబడి ఎండి నల్లబడింది. అంతకు ముందు ఆ హద్దురాళ్లు అంత చిన్నవని ఆమె ఎప్పుడూ గమనించలేదు. మోకాలెత్తు కూడా లేవు.

నీలం తలుపు ముందు ఆడవాళ్ల చెప్పులు చాలా ఉన్నాయి. ఫవాజ్ పోయి నలభయ్యో రోజు దగ్గరపడింది. చూడ్డానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నట్టున్నారు. లోపల్నుంచి ఏలకుల కాఫీ వాసన. బయాన్ చెప్పులు విడవలేదు. గడపకి ఇవతలే నిలబడి, తెరిచి ఉన్న తలుపు మీదే వేలిముడితో మెల్లగా కొట్టింది.

మిస్ ఇన్సాఫ్ వచ్చింది. నల్ల బట్టల్లో ఉంది. ముందు గుర్తుపట్టలేదు. బయాన్ ముఖం మీది గుడ్డ దించింది. మిస్ చెయ్యి తలుపు రెక్క మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వెనక్కి తిరిగి లోపలికి చూసి, ఒక అడుగు ముందుకేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎలా వచ్చావు?" గొంతు తగ్గించింది.

"బస్సులో."

"నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు మిస్." చెప్పాలనుకున్నవన్నీ గొంతు దాకా వచ్చి కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం లేచింది. "నన్ను రాయనివ్వమని మీరే అడిగారట."

"అడిగాను." మిస్ ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా చేల వైపు చూస్తోంది. "ఆ రోజు మధ్యలో ఆపేసిన లెక్క. తమ్ముడిని కడిగి తెచ్చి పడుకోబెట్టినప్పుడు కూడా అదే గుర్తొచ్చింది. ఆ పిల్లకి చెప్పలేదే, రేపు చూద్దామన్నానే అని. ఏం మనిషిని నేను అనుకున్నాను. అందుకు అడిగాను. నీకోసమని అనుకోకు."

బయాన్ తలూపింది. సూది మొనంత మిగిలిన ఆ చోట ఏదో తగిలింది. నొప్పో కాదో తెలియలేదు.

"ఎవరే ఇన్సాఫ్?" లోపల్నుంచి ఒక ముసలి గొంతు. ఉమ్మ్ ఫవాజ్ గొంతు. "వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేమే? లోపలికి రమ్మను. కాఫీ పొయ్యండర్రా ఎవరైనా."

కప్పులు కదిలిన చప్పుడైంది. లోపల ఎవరో లేచారు. చల్లటి నేల మీద ఉత్తకాళ్ల అడుగులు.

మిస్ కళ్లు మొదటిసారి బయాన్ ముఖం మీదికి వచ్చాయి. ఆ చూపు క్లాసులో బోర్డు దగ్గర్నుంచి వెనక బెంచీ మీదికి వచ్చే చూపే.

"వచ్చిందా ఆ లెక్క?"

"వచ్చింది మిస్."

"ఎక్కడ పెట్టావు?"

"బయట. చిన్నదాన్ని దాటి."

"ఎంత?"

"దానికి ఇరవై. పెద్దదానికి ముప్పై."

"మైనస్?"

"లెక్కలోకి తీసుకుపోలేదు. బాణం గీసి వదిలేశాను."

మిస్ తలూపింది. రెండుసార్లు ఊపింది. ఉత్తకాళ్ల అడుగులు నడవలోకి వచ్చాయి. ఆమె భుజం వెనకాల, నీడలో, ఇత్తడి కాఫీకూజా ముక్కూ, దాని పక్కన ఒక చిన్న తెల్లకప్పూ కనిపించాయి. కప్పులోంచి ఆవిరి లేస్తోంది.

"అది సరైన చోటే," అంది మిస్, చాలా మెల్లగా. తర్వాత తల వెనక్కి తిప్పి, లోపలికి వినబడేలా గొంతు పెంచింది.

"ఎవరూ కాదమ్మా. ఎవరో దారి అడుగుతున్నారు."

అని, చప్పుడు కాకుండా అరచేత్తో ఆపుకుంటూ, తలుపు మూసేసింది.